నొప్పి కంటే ముందొచ్చేది

కాలు ఇంకా మంచం మీద నుంచి లేవనే లేదు. భిక్షపతి అప్పటికే పళ్ళు బిగించి మూలిగాడు.

సునంద చెయ్యి అన్న తొడ మీదే ఉంది. వేళ్ళ కింద కండ మెత్తగా ఉంది. బిగుసుకోలేదు, వణకలేదు. పనే మొదలుపెట్టని కండకు నొప్పి ఎక్కడిది?

"అన్నా, నువ్వు ఇంకా ఎత్తనే లేదు," అంది.

"ఎత్తుతె ఎట్లుంటదో నాకెరుక లేదా చెల్లె?" అతని నుదుటి మీద చెమట పోసింది. "ఒద్దు. ఇయ్యాల్టికి ఇడిసిపెట్టు."

ఏడాది కిందట భిక్షపతి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. గాలివానా లేదు, నడుముకు బిగించిన మోకూ తెగలేదు. పొద్దున్నే కల్లు దించుకొని వస్తుంటే మంచుకు తడిసిన మాను మీద పాదం జారింది. తొడ ఎముక విరిగింది. రాడ్ వేశారు, ఎముక అతికింది. ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ ఇక నడవచ్చన్నాడు. కానీ ఇరవై ఆరేళ్ళు రోజుకు పది చెట్లకు తక్కువ కాకుండా ఎక్కిన మనిషి, ఇప్పుడు గడప దాటడానికి భార్య అండాలు భుజం పట్టుకుంటున్నాడు. కండ ఎండి తొడ చేతిమందం అయింది. కసరత్తు చేస్తే గాని కండ రాదు. నొప్పికి భయపడి అతను కసరత్తు చేయడు.

సునంద హైదరాబాదులో ఒక పునరావాస పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. దెబ్బతిన్న కండరాలు తిరిగి ఎలా పుంజుకుంటాయో చూడడం ఆమె పని. అన్నకంటే పదమూడేళ్ళు చిన్న. నాయన పోయాక తమ ఊరు ముల్కలగూడెంలోని తాటిచెట్లన్నీ ఎక్కి దిగి ఆమెను చదివించింది భిక్షపతే. ఆ ఆదివారం బస్సెక్కి తిరిగి వెళ్తున్నంతసేపూ ఆమె అరచేతిలో ఆ మెత్తని కండ స్పర్శే ఉంది. చెవిలో దానికంటే ముందొచ్చిన మూలుగు.

ఆ మూలుగు వెంటపడి పోతే నాలుగేళ్ళు పట్టింది.

ఆ నాలుగేళ్ళలో భిక్షపతి మంచానికీ గడపకూ మధ్యే తిరిగాడు. సునంద మాత్రం మనుషుల తలలకు తీగలు అతికించి, కాళ్ళకు బరువులు కట్టి, వేల గంటల గీతలు చదివింది. చివరికి దొరికింది. కండరానికి ఆజ్ఞ వెళ్ళడానికి రెప్పపాటు ముందు, మెదడులో చిన్న అల లేస్తోంది. ఇది నా వల్ల అవుతుందా అని మెదడు తనను తానే ప్రశ్నించుకునే క్షణం అది. కాదు అనుకున్నవాళ్ళలో అల ఎత్తుగా లేచేది. అదే బరువుకు వాళ్ళు రెట్టింపు నొప్పి చెప్పేవారు. అవుతుంది అనుకున్నవాళ్ళలో అల అణిగి ఉండేది. వాళ్ళు అదే బరువును మాట్లాడుతూ ఎత్తేసేవారు.

అల లేవబోతుండగానే దాన్ని సన్నని విద్యుత్తుతో అణచే పట్టీ తయారైంది. తలకు కట్టుకునే రిబ్బను అంత ఉంటుంది, చెవి వెనక గుండీ అంత బ్యాటరీ. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది గాని ప్రయోగశాలలో అందరూ 'ధీమా పట్టీ' అనేవారు.

పన్నెండు మంది మీద పరీక్ష మొదలైంది. వాళ్ళలో శకుంతల అనే బస్సు కండక్టరు ఒకామె. ప్రమాదంలో మోకాలు దెబ్బతిని ఎనిమిది నెలలుగా ఉద్యోగానికి దూరంగా ఉంది. పట్టీ లేకుండా సైకిలు తొక్కిస్తే నాలుగో నిమిషానికి "అయ్యో నా తొడలు మండిపోతున్నయమ్మా" అని ఏడ్చింది. పట్టీ కట్టి తొక్కిస్తే ఇరవై నిమిషాలు తొక్కుతూ, పాసు లేకుండా ఎక్కి కిటికీలోంచి దూకిన ఒక కాలేజీ కుర్రవాడి కథ మొత్తం చెప్పింది. చెప్పి, కిందికి చూసుకొని, "ఆపమనలేదేందమ్మా?" అని అడిగింది.

కేంద్రానికి పెద్ద అయిన డాక్టర్ పరాంకుశం ఆ రోజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ళుగా రోగులను కసరత్తు చేయమని బతిమాలుతున్నానమ్మా సునందా. వాళ్ళను బతిమాలక్కరలేని రోజు చూస్తాననుకోలేదు," అన్నారు.

సునందకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. శకుంతల తొక్కుతుంటే కనిపించింది శకుంతల కాదు.

రక్తసంబంధీకులను ప్రయోగంలో చేర్చుకోకూడదని నియమం. ఆ నియమాల కాగితం మీద మొదటి సంతకం ఆమెదే. శనివారం సాయంత్రం అలమారలో అదనంగా ఉన్న పట్టీని చేతిరుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

*

"ఇదేంది, పెండ్లిపిల్లగాని బాసికమా?" అన్నాడు భిక్షపతి, తలకు కట్టించుకుంటూ.

"మాట్లాడకు. కాలెత్తు."

అతను అలవాటుగా పళ్ళు బిగించాడు. కాలు లేచింది. బిగించిన పళ్ళు అలాగే ఉండిపోయాయి, వాటికి పని లేకుండా. అతను కాలు వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. మళ్ళీ ఎత్తాడు. పది, పదిహేను. ఇరవయ్యోది ఎత్తేటప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. అయిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది. వంటింట్లోంచి అండాలు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"అండాలూ, సూసినవా! ఇది నా కాలేనా?"

అండాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాసేపు చూశాక, "మరి నొప్పి ఏడికి పోయింది సునందా?" అని అడిగింది.

"తగ్గింది వదినా."

"తగ్గిందా, తెలుస్తలేదా?"

సునంద పట్టీ ముడి సరిచేసింది. "రెండూ ఒకటే అనుకో," అంది. అన్న క్షణంలోనే ఆ మాట తనకే నచ్చలేదు. అండాలు పిండి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

రోజుకు నలభై నిమిషాలు, అంతకు మించి కట్టుకోవద్దని సునంద పదిసార్లు చెప్పింది. భిక్షపతి చిన్నపిల్లవాడిలా తలూపాడు.

వారం తిరిగేసరికి చేతికర్రతో నడిచాడు. మూడో వారానికి కర్రను మూలకు పెట్టాడు. తొడకు కండ పట్టింది. నడక ఒకటే కాదు, మనిషే మారాడు. అయిదేళ్ళుగా ఎవరైనా ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకొని పోయేవాళ్ళను పేరుపెట్టి పిలుస్తున్నాడు. కల్లుగీత సంఘం ఎన్నికల్లో నిలబడతానన్నాడు. ఒంటికాలి మీద నిలబడి చూపించాడు. సునందకు ఆనందమే. ఆ ఆనందం మాత్రం రాయి దూరిన చెప్పులా కదిలినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

ఎందుకంటే ఆ వారమే రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి.

కండ నలిగితే అందులోని సరుకు రక్తంలోకి కారుతుంది. కసరత్తు చేసిన ఎవరికైనా కొంచెం కారుతుంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పట్టీని ఇంటికి తీసుకెళ్ళి వాడుతున్న పన్నెండు మందిలో తొమ్మిది మందికి అలాగే ఉంది. ముగ్గురికి దిగడం లేదు. శకుంతలకైతే వారం వారం పెరుగుతోంది.

"సర్, ఆపి చూద్దామా?" అని అడిగింది సునంద, కాగితం పరాంకుశం గారి ముందు పెట్టి.

ఆయన చాలాసేపు చూశారు. తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. "ఎక్కువగానే ఉంది. కానీ ప్రమాదం గీత దాటలేదు. నెలలో సమీక్షా సంఘం వస్తుంది. ఇప్పుడు ఆపితే మళ్ళీ అనుమతి రావడానికి మూడేళ్ళు. ఆమె ముఖం చూశావా ఈ మధ్య?"

చూసింది. ముఖాలు అందరివీ వెలిగిపోతున్నాయి. సునందను తినేస్తున్నది అదే. నలుగుతున్న కండ ఉన్న మనిషి ముఖం అలా వెలగకూడదు.

ఆదివారం ఊరికి వెళ్ళి పట్టీని చేతిలోకి తీసుకుంది. ఎంతసేపు వాడారో అది లెక్కపెట్టుకుంటుంది. రోజుకు అయిదు గంటలు. నిన్న ఏడు.

"అన్నా, నలభై నిమిషాలన్న గద?"

"తీసుడు మర్సిపోయిన చెల్లె. కట్టుకుంటె కట్టుకున్నట్టే ఉండదు." అతను అబద్ధమాడినప్పుడు చెవి గోక్కునేవాడు. గోక్కున్నాడు. "అయినా నాకేమైంది, ఎద్దు లెక్క ఉన్న."

"చెట్ల దిక్కు పోతలేవు గద?"

"నీ మీద ఒట్టు."

ఆమె పట్టీ తీసుకుపోదామనుకుంది. సంచి దాకా చెయ్యి వెళ్ళింది. వాకిట్లో అతను లేచి నిలబడి, అయిదేళ్ళుగా ఎండకు తోలు పగిలిన తన మోకును నూనెతో రుద్దుకుంటున్నాడు. ఏదో పాట లోగొంతుకలో. చెయ్యి వెనక్కి వచ్చింది. లెక్కను సున్నాకు తిప్పి, నలభై నిమిషాలని మరోసారి చెప్పి, బస్సెక్కింది.

*

ఫోను శనివారం పొద్దున ఆరింటికి వచ్చింది. అవతల అండాలు.

"మీ అన్న మొన్న నాలుగు చెట్లెక్కిండు. నిన్న తొమ్మిది ఎక్కిండు. నాకు చెప్తె ఒట్టని అందరి నోర్లు మూయించిండు. సునందా, పొద్దుగాల మూత్రం పోస్తె నల్లచాయ లెక్క వచ్చింది."

సునందకు ఆ రంగు తెలుసు. పుస్తకంలో చదివిన రంగు. నలిగి చచ్చిన కండ మూత్రపిండాల్లో ఇరుక్కున్నప్పుడు వచ్చే రంగు.

"ఇప్పుడే దవాఖానకు తీసుకురా వదినా. బండి మాట్లాడు, ఏ బండైనా సరే. నీళ్ళు తాపించుకుంటూ రా."

ఆమె భువనగిరి ఆసుపత్రికి చేరేసరికి భిక్షపతి మంచం మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. తలకు పట్టీ ఉంది. రెండు తొడలూ వాచి, పంచె కింద దుంగల్లా ఉన్నాయి. ముట్టుకుంటే చెక్కలా గట్టిగా. అతను మాత్రం నర్సుతో పరాచికాలాడుతున్నాడు.

"ఈల్లేమో కిడ్నీలంటరు, నాకేం సమజయితలేదు. మంచిగున్న చెల్లె. తీస్కపో ఇంటికి. సాయంత్రం కల్లు గీతకు పోవాలె."

డ్యూటీ డాక్టరు ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. ఆందోళనగా ఉన్నాడు. "ఇంత కండ నలిగిన మనిషి కేకలు పెట్టాలి మేడం. ఈయనేమో నవ్వుతున్నాడు. ఏం మందు వాడుతున్నారు? చెప్పండి, దాచకండి. దాన్నిబట్టే వైద్యం."

అండాలు కూడా ఆమె వైపే చూస్తోంది.

"మందు కాదు," అంది సునంద. "ఆ తలపట్టీ. నేనే ఇచ్చాను. పరీక్షలో ఉన్న వస్తువు, బయటికి తేకూడనిది. తెచ్చాను." ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు వచ్చింది. తర్వాత మంచం దగ్గరికి నడిచింది. "అన్నా, అది తీయాలె."

అతని నవ్వు ఆగింది. రెండు చేతులూ తలమీదికి వెళ్ళాయి. "ఒద్దు."

"నీ ఒంట్లో ఏం జరుగుతున్నదో నీకు తెలియాలె. ఎక్కడ ఎంత నొప్పో నువ్వు చెప్తేనే డాక్టరుకు తెలుస్తది."

"ఒద్దే సునందా. నీ కాల్మొక్కుత. ఇది తీస్తె నేను మల్ల..." 

అన్న తనకు కాల్మొక్కుతానన్నాడు. సునంద కళ్ళు మూసుకోలేదు. అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చెవి వెనక గుండీ నొక్కి, పట్టీ లాగేసింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అతని కళ్ళు పెద్దవయ్యాయి. రెండు రోజులుగా పదమూడు చెట్ల మీద పోగైన నొప్పి, దారి దొరికి, ఒక్కసారిగా వచ్చింది. ఆ కేకకు వార్డు చివర ఎవరి బిడ్డో ఏడుపందుకుంది. అండాలు అతన్ని ఒళ్ళోకి లాక్కొని, అతని తల మీదుగా ఆడబిడ్డను చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. ఉంటే సునందకు నిలబడడానికి తేలికయ్యేది.

*

సోమవారం పరాంకుశం గారి గదిలో ఆమె జరిగిందంతా చెప్పింది. హైదరాబాదుకు మార్చారని, డయాలసిస్ మొదలైందని, బతుకుతాడని, మూత్రపిండాలు పూర్తిగా కోలుకోవడం అనుమానమని.

ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. మెల్లగా అన్నారు. "మీ అన్న మన పరీక్షలో లేడమ్మా. కాగితాల్లో పన్నెండు మందే ఉన్నారు. నువ్వు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. వాడకం సమయం తగ్గిద్దాం, కాపలా పెడదాం. కానీ ఇది చెబితే పట్టీ పోతుంది. నువ్వూ పోతావు. నడవలేక మంచాన ఉన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు."

తెలుసు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. నాలుగేళ్ళ పని. ఆ పని పుట్టింది అన్న తొడ మీద నుంచే. కాగితాల్లో లేని మనిషి తొడ.

ఆమె ముందు శకుంతలకు ఫోను చేసింది.

"అమ్మా, మీరు పట్టీ తీసేసి ఇప్పుడే రక్తపరీక్షకు రావాలి."

"తీయనమ్మా." శకుంతల గొంతులో భయం లేదు, అదే భయంగా ఉంది. "వచ్చే నెల డ్యూటీలో చేరతానని డిపోలో చెప్పిన. నిన్న మూడంతస్తుల మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగిన. మా ఆయన నోరెళ్ళబెట్టిండు. ఇది తీస్తే నేను మళ్ళీ ఎందుకూ పనికిరాని మనిషిని."

"శకుంతలమ్మా, మీ మూత్రం ఏ రంగులో ఉంది?"

"కొంచెం ఎర్రగ," అంది. "ఎండలకు అనుకున్న."

సునంద ఫోను పెట్టకుండానే, ఆమెతో మాట్లాడుతూనే ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళింది. శకుంతలను చేర్పించేసరికి మధ్యాహ్నమైంది. సమయానికి చేరింది, డయాలసిస్ దాకా పోలేదు. ఆసుపత్రి వరండాలోనే కూర్చొని సునంద సమీక్షా సంఘానికి ఉత్తరం రాసింది. మొదటి వాక్యం: పరీక్షలో పదమూడో మనిషి ఉన్నాడు, అతను నా అన్న.

సాయంత్రానికి పట్టీలన్నీ అలమారలోకి వెళ్ళాయి, అలమారకు సీలు పడింది. సునందను విచారణ ముగిసేదాకా రావద్దన్నారు. పరాంకుశం గారు ఆమెను పలకరించకుండా కారెక్కారు. కొంతదూరం పోయి కారు ఆగింది, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

*

నెల తర్వాత భిక్షపతి ఇంటికొచ్చాడు. అయిదేళ్ళ కిందట పడిన నాటికంటే అధ్వాన్నంగా వచ్చాడు.

చచ్చిన కండ తిరిగి పుడుతోందని డాక్టర్లన్నారు. కానీ ఇప్పుడు నొప్పి తొడలో మాత్రమే లేదు. చెంబు ఎత్తబోతే ముంజేయి నొప్పి. తల తిప్పబోతే మెడ నొప్పి. అన్ని రోజులు అంచనా వేసుకునే పని లేకపోయిన మెదడు ఆ పనే మరిచిపోయిందని సునందకు అర్థమైంది. ఇప్పుడు ప్రతి చిన్న కదలికకూ అది ఊరంతా వినపడేలా గోల పెడుతోంది. పట్టీ ధీమాను పెంచలేదు. ఉన్న కాస్త ధీమాకు పని లేకుండా చేసింది.

"ఒక్క గంట ఇయ్యి చెల్లె," అనేవాడు మొదట్లో. "అరగంట."

"లేదన్నా. ఉన్నా ఇయ్య."

"నువ్వే ఇచ్చినవ్. నువ్వే గుంజుకున్నవ్." ఆ తర్వాత ఆమెతో మాట్లాడడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సునంద ఊళ్ళోనే ఉండిపోయింది. ఏం చేయాలో తోచక ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరిగేది. అండాలు ఒకరోజు విసుక్కుంది.

"తిరిగి తిరిగి నేల అరగదీస్తున్నవ్. అంత సదివినవ్ గద, ఆ డబ్బీ లేకుంట ఏం రాదా నీకు?"

ఆ మాట సునందకు తగిలింది. ఆ రోజంతా ఆలోచించింది. మెదడు తప్పుడు అంచనా వేస్తోంది. అంచనా తప్పని దానికి ఎవరు చెప్పాలి? పట్టీ దాని నోరు మూసింది, తప్పు మాత్రం దిద్దలేదు.

పొద్దున్నే పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, మంచం పక్క గోడ మీద కల్లు లొట్టి బొమ్మ గీసింది. చెట్టుకు కట్టే కుండ. మూతి సన్నంగా, కడుపు గుండ్రంగా. బొమ్మ వంకరగా వచ్చింది.

"గిదేం లొట్టి," అన్నాడు భిక్షపతి, మాట్లాడకూడదన్న సంగతి మరిచి. "గిట్ల గడితె కల్లంత కిందికే."

"అన్నా, కాలు జానెడు ఎత్తితే నొప్పి ఎంత ఉంటది? ఈ లొట్టిలో ఎంత వరకు?"

"నిండ. పొర్లుతది."

ఆమె మూతి దగ్గర గీత గీసింది. "ఇప్పుడు ఎత్తు. ఒక్కసారి. తర్వాత ఎంత వచ్చిందో చెప్పు."

"ఎత్తనంటె ఎత్త."

మూడు రోజులు ఎత్తలేదు. నాలుగో రోజు అండాలు మంచం కోడు దగ్గర కూర్చొని, "నీ చెల్లెకు ఎత్తకు. నాకెత్తు. నేను దగ్గర పట్టుకుంట," అంది. అతను ఏడుస్తూనే ఎత్తాడు. జానెడు లేదు, బెత్తెడే. దించాక రొప్పుతూ పడుకున్నాడు.

"ఎంత?" అంది సునంద.

కల్లు కొలతలో అతను ఎన్నడూ మోసం చేయని మనిషి. చాలాసేపు తూచుకున్నాడు. "మెడ దాక," అన్నాడు గొణుగుతూ. "పొర్లలే."

మొదటి గీతకు రెండు వేళ్ళ కింద రెండో గీత పడింది. అతను ఆ ఎడం వంక చూస్తూ ఉండిపోయాడు.

అలా రోజూ. ముందు చెప్పడం, తర్వాత ఎత్తడం, తర్వాత గీత. కొన్ని రోజులు చెప్పినదానికంటే ఎక్కువే వచ్చింది, అప్పుడు సునంద గీతను పైనే గీసింది. అబద్ధం గీయలేదు. గోడ నిండితే పక్క గోడకు పోయారు. వానలు వచ్చాయి, తగ్గాయి. అతను గడప దాటాడు. వాకిలి దాటాడు. చెట్లెక్కడం ఇక లేదని డాక్టరు తేల్చి చెప్పాడు, దెబ్బతిన్న మూత్రపిండాలతో ఆ శ్రమ కూడదని. ఆ రోజు మోకు తీసి పక్కింటి మల్లయ్య కొడుక్కి ఇచ్చి వచ్చాడు. వచ్చి అన్నం తినలేదు.

ఒక సాయంత్రం కాలికి ఇసుకసంచి కట్టుకొని ఎత్తుతున్నాడు. సగం లొట్టి అన్నాడు ముందే. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిదికి ఎప్పుడూ రాలేదు. సునంద మంచం దగ్గరికి జరిగింది.

"పది చేయన్నా. ఇంకొక్కటి."

అతను కాలు గాలిలోనే ఆపాడు. ఎవరో దూరంగా పిలిస్తే విన్నట్టు తల వంచాడు. మెల్లగా దించాడు.

"ఒద్దు చెల్లె. సగం దాటింది."

"భయమా?"

"భయం సంగతి నాకెరుకే. రోజు పలకరిస్తది. ఇది అది గాదు. కండ సాలంటున్నది."

సునంద తొడ మీద చెయ్యి వేసి చూసింది. కండ వేడిగా, సన్నగా వణుకుతోంది. ఆమె ఇసుకసంచి ముడి విప్పింది. ఎవరూ ఆపకుండానే అన్న ఆగాడు. ఏ యంత్రమూ నేర్పనిది అదే అనుకుంది.

విచారణకు పిలుపు ఆ వారమే వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున ఆమె చీరకుచ్చెళ్ళు మూడుసార్లు సవరించుకుంది. చాయ్ సగం తాగి వదిలేసింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే భిక్షపతి పిలిచాడు. గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో బొగ్గు.

"ఎంత?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"నిండ," అంది. "పొర్లుతది."

అతను వేరే మూల కొత్త లొట్టి గీశాడు, చేయి తిరిగిన లొట్టి. మూతి దగ్గర గీత పెట్టాడు. "పొయ్యి రా."

అయిదుగురు కూర్చున్న బల్ల ముందు సునంద మూడు గంటలు నిలబడింది. రుమాలులో చుట్టిన పట్టీ దగ్గర నుంచి సున్నాకు తిప్పిన లెక్క దాకా ఏదీ వదలకుండా చెప్పింది. ఆ లెక్క చూసి కూడా ఎందుకు వదిలేశావని అడిగినప్పుడు, "అన్న నవ్వుతున్నాడు సర్," అంది. ఇంకే జవాబూ లేదు. మూడేళ్ళు మనుషుల మీద ఏ పరీక్షా చేయకూడదన్నారు. ఉద్యోగం పోయింది. పట్టీని మూలన పడేయాలని తీర్మానించారు. బయట పరాంకుశం గారు కనిపించి, ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అండాలు చెంబుతో నీళ్ళిచ్చింది. భిక్షపతి కర్ర లేకుండా లోపలి నుంచి నడిచొచ్చాడు. ఏమైందని అడగలేదు. బొగ్గు చేతికిచ్చాడు.

సునంద గోడ ముందు నిలబడింది. పొద్దున అనుకున్న నొప్పినీ, బల్ల ముందు నిజంగా వచ్చినదాన్నీ తూచి చూసుకుంది. ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. మూతి గీతకు ఒక్క వేలు కిందుగా గీత గీసింది.

"గంతేనా తగ్గింది?" అన్నాడు భిక్షపతి.

"గంతే అన్నా."

"సాలు," అన్నాడతను, మంచం మీద ఆమెకు చోటిస్తూ.